ముప్పై ఆరో చక్రం

ఖషూరి జంక్షన్‌లో రైలు ఇరవై నిమిషాలు ఆగుతుంది.
ఆ ఇరవై నిమిషాలు నావి.
పొడుగు కర్ర సుత్తితో
ఒక్కో చక్రాన్నీ కొట్టి అడుగుతాను: బాగున్నావా?
బాగున్నది ఖంగుమంటుంది.
పగులున్నది జలుబు చేసిన గొంతుతో ఏదో గొణుగుతుంది.
అంతే నా చదువు. ముప్పై నాలుగేళ్ళు దానితోనే బతికాను.

అప్పట్లో నా చెవికి గడప ఉండేది.
మైకులో ఆలస్యాల చిట్టా,
సురామి నుంచి నజూకీ రొట్టెలు తెచ్చి
కిటికీ కిటికీకీ అరిచే లమారా,
బోగీల కింద కుక్కల కొట్లాట
అన్నీ చెప్పులు విడిచి బయటే కూచునేవి.
ఆ ఖంగు ఒక్కటే లోపలికొచ్చేది.

గడప అరిగిపోయింది.

నిన్న ముప్పై అయిదు దాకా లెక్క సరిగ్గానే ఉంది.
ముప్పై ఆరో చక్రం దగ్గర
ఎవరో ఆడమనిషి ఫోనులో,
"ఆకుపచ్చ స్వెట్టరు కాదు, రెండోది" అంటోంది.
రెండోది ఏ రంగు?
సుత్తి పడింది, మోగింది,
ఏమని మోగిందో నాకు తెలియదు.
మళ్ళీ కొట్టాను. ఈసారి లమారా చిల్లర లెక్కపెడుతోంది.
మూడోసారి మా కుర్రాడు మమూకా
నా చేతిలోంచి సుత్తి తీసుకుని తనే కొట్టి
చక్రం మీద సుద్దతో అడ్డగీత గీశాడు.
నా వంక చూడలేదు. మంచివాడు.

పోయిన నెల కుతైసీలో డాక్టరమ్మ తెర ముందు కూచోబెట్టింది.
నీలం చుక్క వస్తే మీట నొక్కు,
ఎర్ర చుక్క వస్తే వదిలెయ్యి.
నొక్కడం తేలికే. వదిలెయ్యడమే చేతకాలేదు.
"చెవులు భేషుగ్గా ఉన్నాయి ఎతేరి గారూ,
కాపలావాడికే వయసైంది" అంది.
వాడికి పింఛను వస్తుందా, అనడిగాను.
ఆవిడ నవ్వింది.
ఆ నవ్వు వెనకాల గోడ గడియారంలో ముల్లు దేన్నో గీరుకుంటోంది.

రాత్రి ఫ్రిజ్జు, కారే నల్లా, పైవాటా వాళ్ళ కుర్చీ,
తలుపు కొట్టకుండానే వచ్చేస్తున్నారు అందరూ.
రానీ.

తెమలని లెక్క ఇంకొకటుంది.
మా ఆయన నోదార్ పక్క పట్టాల మీద షంటింగు చేసేవాడు.
చివరి చలికాలమంతా దగ్గాడట.
ఇంట్లో నా ముందు ఆపుకునేవాడట.
పట్టాల మీద ఆపుకోలేదు; స్టేషనంతా విన్నదట.
నాకు పదిహేను గజాల దూరం.
ఆ ఏడాది నేనొక్క పగులూ వదల్లేదు,
ప్రశంసాపత్రం ఇప్పటికీ అల్మరాలో ఉంది.

ఇవాళ ప్లాట్‌ఫారం మీద ఎవరు దగ్గినా
సుత్తి ఎత్తినచోటే ఆగిపోతోంది.