మంచు మందం

ఇనారిలో జనవరి. బయట సున్నాకి ఇరవయ్యారు కింద.
అర్ధరాత్రి తూలిక్కి కిటికీ తెరిచి
గౌను మెడ పట్టుకుని విసురుకుంటోంది.
దుప్పటంతా నాకే మిగిలింది,
అయినా వణుకే.

ముప్పయ్యేళ్లు సరస్సు మీద మంచు కొలిచాను.
ఎక్కడ లారీ పోవచ్చో,
ఎక్కడ మనిషి కూడా ఆగిపోవాలో
బరమా దించి చెప్పేవాణ్ణి.
పక్కన పడుకున్న మనిషి
నా చెయ్యి తగిలితే ఎందుకు బిగుసుకుంటుందో
రెండేళ్లు అడగలేదు.
నామీద మొహం మొత్తిందనుకున్నా.
నాకూ మునుపటిలా లేదు మరి,
ఆ మాటా గొంతు దాటలేదు.

డాక్టరమ్మ కాగితం మీద ఒక అంకె చుట్టూ సున్నా చుట్టి
"ఈస్ట్రోజెన్ అడుగంటింది, అందుకే ఆ మంట, ఆ నొప్పి" అంది.
తూలిక్కి నావైపు చూడకుండా
"ఇష్టం లేక కాదు, వెయిక్కో" అంది.
కార్లో కూచుని
తాళం తిప్పడం మర్చిపోయాను.

ఇప్పుడు సోమవారం, గురువారం
తుంటి మీద చిన్న పట్టీ.
అంటించడం నా పని.
అరచేత్తో అదిమి పది లెక్కపెట్టాలి.
కిటికీ ఇంకా తెరుస్తూనే ఉంది,
నేను ఉన్ని మేజోళ్లతో పడుకుంటున్నా.

నిన్న ఇరవై దాకా లెక్కపెట్టాను.
"లెక్క తప్పావు" అంది.
చెయ్యి తియ్యమనలేదు.