మబ్బుకి అద్దె

ఆ రాత్రి హార్డ్ డిస్కు
బల్లి పలికినట్టు మూడుసార్లు పలికింది.
దమయంతి "సత్యం" అంటూ నేలని వేలితో తట్టింది.
నాలుగోసారి పలకలేదు.

పొద్దున్నే కంచిలి నుంచి ఢిల్లేసు వచ్చి
డబ్బా విప్పి, చెవి దగ్గర ఊపి చూసి
"పోనాది మాస్టారూ" అన్నాడు.
ఉద్దానంలో ఆ మాటకి ఎవరూ అర్థం అడగరు.
తలకి చుట్టిన తువ్వాలు తీస్తారు, అంతే.

లోపలున్నవి పెళ్లి ఫొటోలనుకున్నాడు పాపం.
యాభై మూడు ఇళ్ల క్రియాటినిన్ అది.
మడ్డు గున్నమ్మ, రెండు పాయింటు ఒకటి,
ఆరు నెలలకి మూడు పాయింటు నాలుగు.
కర్రి లోకనాథం, పోయిన శ్రావణం దాకా అంకెలు,
ఆ తర్వాత ఒక ఖాళీ గడి.

చెమ్మకీ చెదకీ కాయితాలు ఆగవని
నేనే ఒక్కొక్కటీ స్కాన్ చేసి ఎక్కించాను.
ఇంక పారేసినా పరవాలేదు అన్నాను.
ఆ మాట అన్నది నేనే.

చెన్నైలో ఎవరో తీసిస్తారట, పద్దెనిమిది వేలు,
వస్తాయన్న పూచీ లేదు.
అయినది అయిందని, ఇకముందుకైనా
ఆన్‌లైన్లో దాచే చోటు వెతకడానికి కూర్చున్నాను.
ఒకడు అపరిమితం అన్నాడు, పక్కనే ఒక చుక్క పెట్టి.
చుక్క వెంట కిందకి దిగితే
చీమ తలకాయంత అక్షరాల్లో పరిమితం ఉంది.
ఒకడు మొదటి ఏడాది మేనమామ,
రెండో ఏడాది వడ్డీ వ్యాపారి.
ఇంకొకడికి డాలర్లే కావాలట,
మా సొసైటీ బ్యాంకు కార్డు చూసి మొహం తిప్పుకున్నాడు.
రేపు నువ్వే దుకాణం కట్టేస్తేనో అని రాస్తే
ఇంతవరకూ జవాబు లేదు.

"మబ్బులో దాస్తారేటి?" దమయంతి నవ్వాపుకోలేకపోయింది.
"మబ్బుని నమ్మి దాసినోల్లున్నారా మనూర్లో?"
నిజమే.
మబ్బు కమ్మితే మేం కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకుంటాం,
తెల్లారాక మళ్లీ లెక్కపెట్టడానికి.
పెద్దగాలి రోజున మా దొడ్లో పదిహేడు
ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకున్నాయి.

చేట చెరుగుతూ తనే మళ్లీ అంది:
"మాయమ్మ ఇత్తనాలు ఒక్క సోట ఎట్టీది కాదు.
కుండలో కొన్ని, అటక మీద బూడిదలో కొన్ని,
బారువలో పిన్నింట కొన్ని."
పిన్ని వండుకు తినేస్తేనో?
"అందుకే ఏడాదికోపాలి ఎల్లి సూసీది."

నెలకి నూట ముప్పైది ఒకటి దొరికింది.
దానికి తోడు ఢిల్లేసు ఇంట బీరువాలో ఒక కొత్త డిస్కు.
మళ్లీ ఇల్లిల్లూ తిరిగాను, సంచీ పట్టుకుని
అప్పులవాడిలా తలొంచుకుని.
ముప్పై ఎనిమిది ఇళ్లలో కాయితాలు ఉన్నాయి!
గున్నమ్మ బియ్యం డబ్బా అడుగు నుంచి తీసింది,
"నువ్వు పారేమన్నావు గానీ
నాకు మనసొప్పనేదు బాబూ."
లోకనాథం భార్య కట్ట విప్పకుండానే ఇచ్చింది.
ఇంకెందుకివి అని అడగలేదు.
మిగతా పదిహేను ఇళ్లలో
నా మాట విన్నారు.

తొమ్మిది రాత్రులు పట్టింది పైకెక్కడానికి.
కరెంటు పోయినప్పుడల్లా ఆగి,
నీలం గీత నత్తలా, నత్త కన్నా నిదానంగా.

పదో రోజు ఒక్క ఫైలు వెనక్కి ఇమ్మన్నాను.
లోకనాథం పేరు కొట్టాను, ఎందుకో.
గుండ్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.
వెనక నిలబడ్డ దమయంతి చేట ఆపింది.
వచ్చింది.
అంకెకి అంకె, తేదీకి తేదీ.
ఖాళీ గడి కూడా
ఖాళీగానే, భద్రంగా.

ఇప్పుడు అమావాస్యకొకటి వెనక్కి అడుగుతున్నాను,
బారువలో పిన్నింటికి వెళ్లొచ్చినట్టు.
కాయితాలు మాత్రం పారేయొద్దని
వీధి వీధీ చెబుతున్నాను.
గున్నమ్మ వింటుంది,
బియ్యం డబ్బా మీద చెయ్యేసి.