లింకు డాక్యుమెంటు

బ్యాంకు సారు ఫైలు తిరగేసి
"లింకు డాక్యుమెంటేది?" అన్నడు.

ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసిన
మా నాయిన ఓదేలు భుజం
లింకు గాదట.
పునాదికి అమ్మ ఎత్తిపోసిన మొరం
అదీ గాదట.

ఎనభై నాలుగుల పట్టా ఇచ్చిండ్రు మాకు.
ఊరు దాటినంక, మోరీకి దిగువన,
సర్వేయరు గొలుసు గుంజి కొలిచిన
అరవై గజాలు.
నాయిన ఫ్రేము కట్టించి
సమ్మక్క పటం పక్కన మేకు కొట్టిండు.
ఎనక పేజీల సన్నటి అచ్చు:
అమ్మరాదు. కుదువ పెట్టరాదు.
ఆ లైను ముప్పై ఎనిమిదేండ్లు
గోడ దిక్కే చూసింది.

రోడ్డవతల అప్పుడు జొన్న చేను.
ఇప్పుడు గేటు, వాచ్‌మన్, ఇంగ్లీషు పేరు.
వానపడితె ఆళ్ళ నీళ్ళు మా ఇండ్లలకే.
గజం ఆళ్ళది ముప్పై వేలు.
మాది రాయనీకి ఫారంల గడి లేదు.

కిరాయికన్న పోదామని హన్మకొండల అడిగిన.
"ఏడుంటరమ్మా?" అన్నది ఓనరమ్మ.
కాలనీ పేరు చెప్పిన.
కులం అడిగే పని పడలే ఆమెకు,
సర్కారే బోర్డు రాసి పెట్టింది.
"నిన్ననే ఇచ్చేసినం" అన్నది.
టూలెట్ అట్ట గాలికి ఊగుతనే ఉన్నది.

ఇంటికొచ్చి ఫ్రేము దింపిన.
సున్నం రాలింది.
ఎనక పేజీ అమ్మకు చదివి చెప్పిన, రెండుసార్లు.
సారక్క చాలాసేపు
గోడ మీది తెల్లటి మచ్చను చూసింది.

"ఇచ్చిండ్రనుకున్నం బిడ్డా.
ఈడనే ఉండుమన్నరన్నట్టు."

తర్వాత సుత్తె తెమ్మన్నది.
ఎనక పేజీ ముందుకు పెట్టి కొట్టుమన్నది.