ఎడమకాలి జాడ

తెల్లారగట్ల నాలుగున్నరకి
ఆడపిల్లల కాలేజీ గేటు తాళం తీసేది నానే.
గోనెపట్టా లాగి మట్టికోర్టు సదును సేసేది,
తాడు కట్టి తాడెంబడి
సున్నం గీత గీసేది నానే.
పీడీ మేడం నన్ను గ్రౌండ్ స్టాఫంతాది.
గుంటలు పారమ్మప్ప అంతారు.

జూట్ మిల్లు మూసీసినాక ఇటొచ్చినాను.
నెట్టు సిరిగితే గోగుతాడుతో అల్లీగల్ను.
మిల్లు పోనాది గానీ ముడి పోనేదు.

టీములో ఆరుగురు.
గొర్లె కస్తూరి, రొంగలి ఝాన్సీ, ఇంకో పిల్ల బొబ్బిలిది.
మిగతా ముగ్గురూ సముద్రాలవతల్నించి, కొండలవతల్నించి
ఇజీనారం ఎతుక్కుంటా ఒచ్చినోలు.
దెచెన్‌ది భూటాను.
పచ్చిమిరగాయని జాంకాయలా కొరుకుతాది,
మెస్సు వంటోడు దండం ఎట్టీనాడు.
చిసోమోది మలావీ.
నా కేనులో చోడంబలి ఓపాలి రుసి సూసి
కళ్లు మూసుకుని వాల్లమ్మ ఊసు సెప్పింది.
ఆ రోజునించి రెండు గలాసులు తెత్తన్నాను.

నీమాది టాంజానియా.
బంతి కొట్టినపుడు దాని గొంతులోంచి వొచ్చే కేకకి
జీడితోటలో కాకులు లెగిసిపోతాయి.
డబుల్ ఫాల్టు సేస్తే మాత్రం
మన బాసలోనే, "ఓలమ్మో!"

ఆటలో ఏటీ నేకపోతే లవ్ అంతారట.
అదేటని అడిగితే "సున్నా అప్పా" అన్నాది కస్తూరి.
సున్నా వాళ్లది, సున్నం నాది.
రెండూ పెతి పొద్దూ మొదట్నించే.

మార్గశిరంలో ఓ ఏకువన
మంచు దిగని మట్టిలో సూసినాను.
నీమా కుడికాలు ముద్ర అచ్చంగా ఉంది.
ఎడమకాలి ముద్ర ఎనకాల
ఓ సన్నగీత.
పాదం లెగనేదు, ఈడ్సుకున్నాది.
నాను గీసిన గీత కాదది.

అందరికన్నా ముందొచ్చి ఒక్కర్తీ గోడకేసి కొడతంది.
మేడం ఒచ్చీసరికి కూకుని
కట్టిన లేసే మల్లీ కట్టుకుంతంది.
"ఆడితేనే అప్పా, ఫీజు మాపీ.
ఆడకపోతే... కట్టాల."
పెదాల మీద ఏలెట్టింది.
నాను పట్టా లాగినాను.
గీత పోనాది.

పదకొండు రోజులు అలగే తుడిసినాను.

నా ఎడంసేతికి ఉంగరం ఏలు నేదు.
మిల్లులో నూలు మిసను కాడ నలిగితే
మేస్త్రీ సూస్తే కూలి పోతాదని
గుడ్డ సుట్టి, సెయ్యి కొంగులో దాసి
తొమ్మిది రోజులు షిప్టు సేసినాను.
పక్క మిసనోలు నాకోసం
నేలమీది రగతం తుడిసీవోరు.
మంచోలే.
ఏలు మాత్రం పెద్దాసుపత్రి బేసినులో ఉండిపోనాది.

పన్నెండో రోజు
పట్టా షెడ్డులోంచి తియ్యనేదు.
మేడం గేటుకాడ్నించి నడిసొచ్చి
బేస్ లైను కాడ ఆగింది. వొంగింది.
నీమా నా ఏపు సూసింది.
నాను సున్నం డబ్బా ఏపు సూసినాను.

స్కానింగుకి ఇశాపట్నం తీసుకెల్లినారు.
ఫీజు కాయితం ఆఫీసులో ఏ బల్లమీదుందో
నన్నడిగితే ఏటి సెప్పీది?
రెండో గలాసు అలగే ఎనక్కొచ్చెస్తంది.
దెచెన్ నమస్తే అంతాది, నవ్వదు.
కస్తూరి ఒక్కర్తే, నెట్టు బిగిస్తంటే
అటు కొస పట్టుకుంది, ఏటీ అననేదు.

నిన్న రాజాం జట్టుతో పోటీ.
నీమా మోకాలికి పట్టీ,
పొడుగు కుర్చీ ఎక్కి లెక్క సెప్తంది.
మూడో ఆటలో ఓ బంతి గీత అంచున పడ్డాది.
సున్నం పొడి లెగిసింది, నాను సూసినాను.
అవతల పిల్ల అవుటంది,
ఝాన్సీ కాదంది,
రెండు జట్లూ నెట్టుకాడికి ఒచ్చీసినాయి.
నీమా కర్ర ఊతంతో ఒక్కో మెట్టూ దిగి
ముద్ర కాడికొచ్చి వొంగింది.
నాను పట్టా తాడు సేత్తో పట్టుకునే నించున్నాను,
అలవాటు.

"తుడవకప్పా," అన్నాది,
ఇంకా నా మొకం సూడకుండానే.