గరుకు పక్క

కొమ్ము కాలితే వెంట్రుక కాలిన వాసన.
పర్లాకిమిడిలో మా వీధికి కొత్తవాళ్లు
ముక్కు మూసుకునే వస్తారు.
గేదెల కుసుమాంజలి మూసుకోలేదు.
పదకొండేళ్ల గుంట, మోకాలి మీద ఎండిన మట్టి,
గడప అవతలే నిలబడి అడిగింది:
"తాతా, టాసెయ్యడానికి బిళ్లొకటి సేసిస్తావా?
రూపాయైతే ఈళ్లు బరా కొనుక్కు తినేస్తన్నారు."

కొంగ రెక్క కోయగా మిగిలిన ముక్క.
ఆకురాయి పట్టి గుండ్రం చేశాను.
ఒక పక్క బొగ్గుపొడీ నూనెగుడ్డా వేసి
మొహం కనిపించేదాకా రుద్దాను.
రెండో పక్కకి వచ్చేసరికి భోజనం వేళయింది.
అలాగే ఇచ్చేశాను.

మా ఊళ్లో బొమ్మా బొరుసూ పోయి
నునుపూ గరుకూ వచ్చింది అలా.
మహేంద్రతనయ ఎండిన ఇసకలో
బిళ్ల లేచిన ప్రతిసారీ ఆ పిల్ల 'గరుకు' అనే అరిచేది.
ఎక్కువసార్లు ఓడేది.
ఒక్కసారి నునుపనొచ్చు కదే, అంటే
"నునుపు జారిపోద్ది తాతా.
గరుకైతే ఏలికి తెలుస్తాది" అంది.
ఎడంచేత్తో బంతి తిప్పేది.
ఆ మాట నాకు అర్థమయ్యేసరికి
కటక్ హాస్టల్లో ఉంది.

వాళ్ల నాన్న పార్వతీశం గుణుపురం బస్సు కండక్టరు.
డ్యూటీ దిగి ఇంటికి పోతూ
టిక్కెట్టు వెనక రాసిన స్కోరు
మా అరుగు మీద పెట్టి పోయేవాడు.
నాలుగు వికెట్లు, ఇరవై రెండు పరుగులు.
మాట్లాడేవాడు కాదు.

దేశానికి కెప్టెనైన రోజు మా వీధిలో
ఒడియాలో ఏడ్చినవాళ్లు కొందరు, తెలుగులో కొందరు.
నేనైతే చేతిలోని కొంగ కాలు విరగ్గొట్టాను,
రెండొందల యాభై నష్టం.

టీవీలో టాస్.
పెద్ద మైదానం, కోటు తొడుక్కున్న మా గుంట.
వెండిబిళ్ల గాల్లో తళుక్కుమంది.
దానికి గరుకు పక్క లేదు.
వరసగా తొమ్మిదిసార్లు ఓడింది.
పక్కనున్న మైకు మనిషి నవ్వాడు, తనూ నవ్వింది.
ఎడంచెయ్యి మాత్రం జేబులో దేన్నో తడుముతోంది.
దేన్నో నాకు తెలుసు.
చెబితే మా ఇంట్లో నమ్మలేదు.

సెమీఫైనల్. ఆఖరి ఓవరు. వాళ్లకి తొమ్మిది కావాలి.
తన ఓవరొకటి మిగిలే ఉంది.
బంతి తీసుకెళ్లి పందొమ్మిదేళ్ల పిల్ల చేతిలో పెట్టింది.
నాలుగు బంతుల్లో అయిపోయింది.
"ఇచ్చింది నేను" అంది తర్వాత,
అంతే అంది.
ఆర్నెల్లకి కెప్టెన్సీ తీసేశారు.

ఇంకో మూడేళ్లు ఆడింది, ఇంకొకరి కింద.
బౌండరీ తాడు దగ్గర నిలబడి
కొత్త కెప్టెన్ చెయ్యెటు ఊపితే అటు జరుగుతూ.
ఆ పందొమ్మిదేళ్ల పిల్లే ఆ కొత్త కెప్టెన్.
నాకు ఆ మూడేళ్లే ఎక్కువ నచ్చాయి.
ఎందుకంటే చెప్పలేను.

మొన్న జ్యేష్ఠంలో, మిట్టమధ్యాహ్నం వచ్చింది.
ముప్ఫై ఆరేళ్లు. తెల్లవెంట్రుకలకి రంగు వెయ్యలేదు.
చూపుడువేలి పక్కన కాయ కాసి ఉంది,
కొమ్ము గట్టిదనం.
బిళ్ల తీసి నా పీట మీద పెట్టింది.
పాతికేళ్లు జేబుల్లో అరిగి
రెండు పక్కలా ఒకటే నునుపు.
"ఏది ఏదో నాకే తెలట్లేదు తాతా.
మల్లీ గరుకు సెయ్యి."

నా చేతులు ఇప్పుడు వణుకుతాయి.
ఆకురాయి తనకే ఇచ్చాను.
కాళ్ల మధ్య బిగించి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని
గీసింది, గీసింది,
తెల్లటి పొడి చీర మీద పడుతుంటే దులుపుకోలేదు.

సాయంత్రం ఏటి ఇసకలో ఆడే పిల్లలకి ఇచ్చేసి
రాత్రి బండికి వెళ్లిపోయింది.
వాళ్లు వారం తిరక్కుండా పారేశారు.

ఇప్పుడు నలుగురు గుంటలు
నా గడప అవతల నిలబడి ఉన్నారు,
ఒకత్తి ముక్కు మూసుకుని.
కొమ్ము దొరకడం కష్టంగా ఉంది ఈ రోజుల్లో.
ముక్కల డబ్బా బోర్లించి వెతికి
ఒకటి పట్టాను, కోశాను, రుద్దుతున్నాను.

లోపల్నించి భోజనానికి పిలుపు.
ఒక పక్కే అయింది.