పదిహేడో నంబరు ఇల్లు

తక్కుసాన్ నమాజు అయ్యాక
ఇనుప వంతెన మొదట్లో ఏడుగురం కలిశాం.
ఒకప్పుడు ఈ వేళకి మా న్దార్‌లో
బూబులు ఇస్త్రీ చేయించుకుని, అత్తరు రాసుకుని
ఊరికే నడవడానికి నడిచేవారట.
మేమూ అందుకే వచ్చాం,
మెడలో ఒక్కో గాజుకన్ను వేలాడేసుకుని.

నా కెమెరా అరువుది.
పగలంతా మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టే వేళ్లు
మీట నొక్కమంటే మాత్రం వణుకుతాయి.
బిరామ్ తాత నవ్వుతాడు.
నలభై ఏళ్లు స్టూడియోలో
పెళ్లికూతుళ్ల గడ్డాలు రెండు వేళ్లతో పైకెత్తినవాడు.
"వెలుతురు వెంట పడకండర్రా," అంటాడు,
"గోడవార కూచోండి. అదే వచ్చి ఒళ్లో పడుతుంది."

నీరెండ పడింది.
నది ఇంకా ఎటు పోవాలో తేల్చుకోలేదు:
ఆటుకి సముద్రంలోకి, పోటుకి ఊళ్లోకి.
గోడల మీద కావి వెలిసి పసుపు,
పసుపు పెచ్చులూడి ఇటుక.
చెక్క బాల్కనీ కింద ఒక మేక
పాత ఎన్నికల పోస్టరు నములుతోంది.
అభ్యర్థి సగం నవ్వు దాని నోట్లో,
సగం గోడ మీద.
ఏడు కెమెరాలూ ఒక్కసారే లేచాయి.
మేక కన్నార్పలేదు.
ఈ సాయంత్రానికి ఇంతకు మించిన బొమ్మ రాదనుకున్నాను.

టీ కాచే కుర్రాడు మజీబ్ షరతు పెట్టాడు:
మూడో గ్లాసు దాకా కూచుంటేనే ఫోటో.
మొదటిది చేదు.
రెండోదానికే పొద్దు రెండు బారలు దిగింది.
మూడోది తాగకుండా లేచాం. తప్పే.

చిన్న వంతెన దాటితే గెత్ న్దార్.
చేపలు కాల్చే పొగ,
పడవల పక్కల మీద పీర్ల పేర్లు, ఫుట్‌బాల్ జట్ల పేర్లు,
వలల మీద నిద్రపోతున్న పిల్లలు.
ఖోదియా జేయ్ చేతిలో కత్తి ఎత్తి మమ్మల్ని ఆపింది.
"నా మొహం తియ్యద్దు.
దాన్ని పట్టుకుపోయినవాళ్లు ఇదివరకే చాలామంది."
పొలుసులంటిన చేతులు కొంగుకి తుడుచుకుంది.
"తియ్యాలనుంటే మా ఇల్లు తియ్యి."

తట్ట అడుగు నుంచి నీలం రేకుముక్క బైటికొచ్చింది.
తెల్లటి అంకె, పదిహేడు.
ఒక మేకు ఇంకా దాన్ని వదల్లేదు.
ఆమె నేరుగా అలల్లోకి నడిచింది.
మోకాలి లోతులో ఆగి,
ఎడమకి రెండడుగులు వేసి,
"కాదు, ఇది మా తోడికోడలి గది," అని
మళ్లీ ఒకటి వెనక్కి వేసి,
ద్వారబంధం ఎత్తులో
గాలికి ఆనించి పట్టుకుంది రేకుని.

మాలో ఎవరూ కెమెరా ఎత్తలేదు.
బిరామ్ తాత తడి ఇసుకలో మోకాళ్ల మీద కూచుని
నా మోచేతికింద తన అరచెయ్యి ఆనించాడు.
తిమిస్ అజాన్ మొదలైంది.
మొహం రాకుండా,
ఒక్కటే నొక్కాను.

చూపించమంది.
తెరనిండా సముద్రం, ఒక చెయ్యి, ఒక అంకె.
రెండు వేళ్లతో పెద్దది చేయబోయింది,
ఈ పాత యంత్రానికి ఆ విద్య రాదు.
చాలాసేపు చూసింది.
"వంటగది రాలేదు," అంది.
"ఆటు బాగా వెనక్కి తగ్గిన రోజు రా,
పొయ్యి రాళ్లు కనబడతాయి."
వెళ్లి మళ్లీ కత్తి అందుకుంది.

తిరుగుదారిలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.
దీపాలు పడ్డ వంతెన బాగుందన్నారు, తీశారు.
నేను వెనక్కి జరిపి చూసుకున్నాను:
పదిహేడో నంబరుకి ముందు బొమ్మ ఆ మేకదే,
నోట్లో సగం నవ్వుతో.
ఏది ముందుంచాలో, ఏది తీసేయాలో తెలీక
రెండూ అలాగే ఉంచాను.

మర్నాడు పొద్దున్న అరువు కెమెరా
చేపల వాసనతోనే తిరిగిచ్చాను.