పుత్తూరు కట్టు

నారాయణవనం మలుపులో మోపెడ్ జారింది.
కోడిగుడ్డు సొన, ఆకుపసరు, నాలుగు వెదురు బద్దలు.
"నలభై దినాలు కాలు కింద పెట్టొద్దు పాస్టరయ్యా"
అన్నాడు కట్టు కట్టిన రాజుగారు.
నలభై. నాకు తెలిసిన లెక్కే.
మా రేకుల మందిరానికది తెలీదు,
ఆదివారం ఊరికే వచ్చేస్తాది.

ఎవరూ రారనుకొని
మంచం కిటికీ దగ్గరికి లాగించుకున్నా.
పాత మిషను గుడి జ్ఞానప్రకాశం అయ్యగారు
బస్సు దిగి వస్తా ఉన్నాడు,
తెల్ల అంగీ సంచిలో మడిచిపెట్టుకొని.

పోయినేడు వాళ్ల బాప్తిస్మం గురించే కదా
మైకులో అంటిని,
"చిలకరిస్తే నారుమడి తడుస్తుందా" అని.
మా మైకు ఆయన వంటింటిదాకా వినబడతాది.
ఆ మాటెత్తలేదు.
డోలక్కు పిల్లోడితో మాత్రం
"కొంచెం మెల్లగా నాయనా" అన్నాడు.

మరుసటి వారం సత్యవేలు,
ఆరాధనలో వాయిద్యమే కూడదనే మనిషి,
డోలక్కు పక్కనే కూర్చున్నాడు.
లూథరన్ సంఘం నించి బియ్యం మూట,
అరబస్తా చెనిక్కాయలు.
తబిత మూట విప్పుతా ఏడ్చింది.
నాకు ఏడుపు రాలేదు,
కట్టు లోపల దురద, గోకలేని చోట.

కట్టు విప్పినారు.
కాలు సన్నగా, ఎవరిదో కాలు మాదిరి.
అయ్యగారికి వేలూరులో కంటి ఆపరేషను,
ఈ ఆదివారం వాళ్ల గుడి నాది.
కర్ర పట్టుకొని గడప దాటితే
పక్కనే రాతి తొట్టి, అడుగున రవ్వన్ని నీళ్లు.
ఎవరూ చూడకుండా వేలు పెట్టినా.

తడిసింది.